అరోనియన్ – ఆనంద్, వైక్ ఆన్ జీ 2013: మెరాన్ వేరియేషన్, పన్నెండో ఎత్తులో ఆ సి5

గుంటూరు బంటు · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. వేసవి సెలవుల్లో విశ్వనాథన్ ఆనంద్ చెస్ ఆట ఒకటి చూసింది. చూసిన రోజు నుంచి "నల్లపావులతో నేను ఇదే ఆడతా" అని పట్టుబట్టి కూర్చుంది. 2013 జనవరి 15న నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో, టాటా స్టీల్ టోర్నమెంట్ నాలుగో రౌండులో, లెవోన్ అరోనియన్ మీద ఆనంద్ 23 ఎత్తుల్లో గెలిచిన ఆట అది.

ఈరోజు టోర్నమెంట్‌లో మొదటి పదకొండు ఎత్తులూ అచ్చం అలాగే వచ్చాయి. నేను దూరంగా తాడు అవతల నిలబడి చూస్తున్నా, దాని ముఖం వెలిగిపోతోంది. పన్నెండో ఎత్తుకి ఎదుటి అబ్బాయి గుర్రాన్ని జి5కి తేలేదు, బి4 నెట్టాడు. ఇది పావుగంట ఆలోచించింది. ఆ తర్వాత దాని సి6 బంటు కదిలితే ఒట్టు. ముప్పై ఎనిమిదో ఎత్తుకి ఆ బంటు పోయింది, ఇంకాసేపటికి ఆటా పోయింది. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. స్కోరు షీటు నాలుగు మడతలు పెట్టి జామెట్రీ బాక్సులో దాచుకుంది.

నా ప్రశ్న ఒకటే. ఈ వయసుకి మెరాన్ (ఆ ఆటలో నల్ల ఆడిన ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి) నేర్పించవచ్చా, లేక మాన్పించాలా? ఆట కింద పెడుతున్నా. అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస, × అంటే ఎదుటి పావుని తీయడం. మా ఇంట్లో మంత్రి అంటాం, క్వీన్ అనే అలవాటున్నవాళ్ళు అలాగే చదువుకోండి.

1. డి4, డి5 2. సి4, సి6 3. గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6 4. గుర్రం సి3, ఇ6 5. ఇ3, గుర్రం బి-డి7 6. బిషప్ డి3, డి×సి4 7. బిషప్×సి4, బి5 8. బిషప్ డి3, బిషప్ డి6 9. క్యాస్లింగ్, క్యాస్లింగ్ 10. మంత్రి సి2, బిషప్ బి7 11. ఎ3, ఏనుగు సి8 12. గుర్రం జి5, సి5 13. గుర్రం×హెచ్7, గుర్రం జి4 14. ఎఫ్4, సి×డి4 15. ఇ×డి4, బిషప్ సి5 16. బిషప్ ఇ2, గుర్రం డి-ఇ5 17. బిషప్×జి4, బిషప్×డి4 చెక్ 18. రాజు హెచ్1, గుర్రం×జి4 19. గుర్రం×ఎఫ్8, ఎఫ్5 20. గుర్రం జి6, మంత్రి ఎఫ్6 21. హెచ్3, మంత్రి×జి6 22. మంత్రి ఇ2, మంత్రి హెచ్5 23. మంత్రి డి3, బిషప్ ఇ3. తెల్ల ఆట వదులుకుంది.

కోనసీమ గుర్రం · ఆదివారం రాత్రి 9:32

ఆ రోజు కనుమ అండీ! నాకు బాగా గుర్తు. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నా. ఇంటినిండా చుట్టాలు, నెట్ అంతంత మాత్రం. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితేనే సిగ్నల్ వచ్చేది. ఎత్తు ఎత్తుకీ పేజీ రిఫ్రెష్ కొట్టుకుంటూ చూశా. బిషప్ సి5 కనబడగానే సైట్ తప్పు చూపిస్తోందేమో అనుకున్నా. కింద నుంచి గారెలు తినడానికి పిలుస్తున్నారు, నేను దిగలేదు.

అరవైనాలుగు గళ్ళు · ఆదివారం రాత్రి 10:05

గుంటూరు బంటు గారూ, పాపకి మెరాన్ మాన్పించకండి. కానీ పాప ఆట ఎక్కడ పోయిందో అది ముందు చూద్దాం. మీరు చెప్పిన ఒక్క వాక్యంలోనే జబ్బు తెలిసిపోయింది: "సి6 బంటు కదిలితే ఒట్టు."

మెరాన్ అనేది సెమీ-స్లావ్ అనే ఓపెనింగ్‌లో ఒక శాఖ. సెమీ-స్లావ్‌లో నల్ల సి6, ఇ6 రెండూ ఆడుతుంది. డి5 గట్టిపడుతుంది గానీ సి8లోని బిషప్‌కి ఇ6 బంటు అడ్డం. తలుపు వేసిన గదిలో కూర్చున్నట్టే. దాన్ని బయటికి తేవడానికి పుట్టిన ఉపాయమే మెరాన్. తెల్ల బిషప్ డి3కి రాగానే సి4 బంటుని తీసేస్తాం. బిషప్ ఒకసారి కదిలింది, మళ్ళీ కదిలి సి4 తీసుకోవాలి. వెంటనే బి5 అని దాన్ని తరుముతాం. దానికి మూడు ఎత్తులయ్యాయి, ఈలోగా మన బిషప్‌కి బి7 గడి దొరికింది. ఇక్కడిదాకా పిల్లలందరూ నేర్చుకుంటారు.

కానీ ఇదంతా అప్పు చేసి తెచ్చుకున్న సుఖం. బి5కి వెళ్ళిన బంటు ఇక వెనక్కి రాదు. సి6 బంటు వెనకబడి ఉంది, సి-వరుస తెరిచి ఉంది. బి7 బిషప్ ఎదురుగా మన బంటే గోడలా నిలబడింది. సి5 ఆడిన క్షణం ఈ అప్పంతా తీరిపోతుంది: బంటు బరువు దిగుతుంది, బిషప్ కంటికి జి2 దాకా దారి తెరుచుకుంటుంది. సి5 పడకపోతే వడ్డీ పెరుగుతూ పోతుంది. పాపకి జరిగింది అదే.

ఎదుటి అబ్బాయి బి4 ఆడింది సి5ని ఆపడానికే. మంచి ఎత్తు. దానికి జవాబు ఎ5. బి4 బంటుని వెంటనే కొట్టాలి. తెల్ల బి×ఎ5 అంటే మంత్రి ఎ5కి వస్తుంది, సి5కి మళ్ళీ దారి దొరుకుతుంది.

శకటు · ఆదివారం రాత్రి 10:20

సార్, మా తాతగారు బిషప్‌ని శకటు అనేవారు, అందుకే నా పేరు అలా పెట్టుకున్నా. నాకు పదహారో ఎత్తు అర్థం కాలేదు. గుర్రాన్ని ఇ5లో ఊరికే పెట్టేశాడు కదా. ఎఫ్4 బంటుతో తీసేసుకోవచ్చుగా?

కోనసీమ గుర్రం · ఆదివారం రాత్రి 10:41

శకటు తమ్ముడూ, బోర్డు మీద పావులు పేర్చుకుని చదువు. పదహారో ఎత్తు తర్వాత నల్లవి ఎన్ని దెబ్బలో ఉన్నాయో లెక్కపెట్టు. సి5లో బిషప్‌ని డి4 బంటు తీయగలదు. ఇ5లో గుర్రాన్ని ఎఫ్4 బంటు తీయగలదు. జి4లో గుర్రం మీద ఇ2 బిషప్ గురిపెట్టింది. ఎఫ్8లో ఏనుగు హెచ్7 గుర్రం నోట్లో ఉంది. నాలుగు పావులు!

ఇప్పుడు ఎఫ్×ఇ5 ఆడి చూడు. డి7 నుంచి గుర్రం లేచిపోవడంతో డి8 మంత్రికి దారి తెరుచుకుంది కదా, మంత్రి×డి4 చెక్. రాజు హెచ్1. ఇప్పుడు మంత్రి జి1! సి5 బిషప్ కాపలా ఉంది కాబట్టి రాజు తీయలేడు, ఏనుగే తీయాలి. తీయగానే గుర్రం ఎఫ్2, మాటు, ఆట కట్టు. రాజు చుట్టూ సొంత ఏనుగు, సొంత బంట్లు, కదలడానికి గడి లేదు. తెల్లమంత్రి సి2లోనే ఉంది గానీ ఎఫ్2కి మధ్యలో ఇ2 బిషప్ అడ్డం. ఆ గుర్రాన్ని తీసే నాథుడు లేడు.

శకటు · ఆదివారం రాత్రి 10:58

అన్నా, పేర్చి చూశా, ఒళ్ళు జలదరించింది. మరి డి4 బంటుతో ఇ5 తీస్తే?

కోనసీమ గుర్రం · ఆదివారం రాత్రి 11:02

అది రూల్ ప్రకారం కుదరదు. ఎఫ్2 బంటు ఎఫ్4కి వెళ్ళిపోయింది, ఇ-బంటు డి4కి వెళ్ళిపోయింది. సి5 బిషప్‌కీ జి1 రాజుకీ మధ్య మిగిలింది ఆ డి4 బంటు ఒక్కటే. పిన్‌లో ఉంది, పక్కకి జరిగితే రాజుకి చెక్. పదిహేనో ఎత్తులో బిషప్ సి5 గొప్పదనం అక్కడే ఉంది.

తెల్లపావులు · సోమవారం ఉదయం 7:15

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నా మాట కొంచెం కష్టంగా ఉండొచ్చు. ఇది ఇంట్లో తయారు చేసుకొచ్చిన ఆట. గెల్ఫాండ్‌తో 2012 మే నెలలో మాస్కోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం ఆనంద్ బృందం సిద్ధం చేసిన సరుకు ఇది. అప్పుడు వాడే అవకాశం రాలేదు, ఎనిమిది నెలల తర్వాత అరోనియన్ దొరికాడు. అరోనియన్ గడియారం నడుస్తుండగా బోర్డు ముందు కూర్చుని ఆలోచిస్తున్నాడు, ఆనంద్ గుర్తు చేసుకుంటున్నాడు. రెండూ ఒకటేనా? కంప్యూటర్ పక్కన పెట్టుకుని వెతికిన ఎత్తుకి రెండు ఆశ్చర్యార్థకాలు (అద్భుతమైన ఎత్తు అనే గుర్తు) పెట్టడం నాకు మనసొప్పదు. పిల్లలకి ఇలాంటి ఆటలు చూపిస్తే ఓపెనింగ్ బట్టీపడితే చాలనుకుంటారు. గుంటూరు బంటు గారి అమ్మాయికి జరిగింది కూడా అదే కదా.

నార్త్ సీ గాలి · సోమవారం మధ్యాహ్నం 1:40

నేను పదేళ్ళుగా నెదర్లాండ్స్‌లో ఉంటున్నా. వైక్ ఆన్ జీలో అమెచ్యూర్ విభాగంలో రెండుసార్లు ఆడాను. చిన్న ఊరు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు. జనవరిలో ఆ గాలికి ముక్కు, చెవులు మొద్దుబారిపోతాయి. దె మోరియాన్ అనే హాల్లో గ్రాండ్‌మాస్టర్లు ఒక వైపు ఆడుతుంటే, అదే హాల్లో మాలాంటి వందలమందిమి బల్లల ముందు కూర్చుంటాం. మన ఎత్తు వేసి లేచి నాలుగడుగులు వేస్తే ప్రపంచ ఛాంపియన్ ఆట కనబడుతుంది. టోర్నమెంట్ 1938లో పక్కనే ఉన్న బెవర్‌వైక్‌లో మొదలై 1968లో ఇక్కడికి మారింది. ముగింపు విందులో బఠానీ సూప్ పోయడం ఇక్కడి ఆనవాయితీ.

2013ది 75వ టోర్నమెంట్. ఆనందే గెలిచాడని చాలామంది పొరపాటు పడతారు. గెలిచింది 13కి 10 పాయింట్లతో కార్ల్‌సన్. అరోనియన్ ఈ ఓటమి తర్వాత కూడా ఎనిమిదిన్నరతో రెండో స్థానం తెచ్చుకున్నాడు. ఆనంద్, కర్యాకిన్ ఎనిమిదేసి పాయింట్లతో మూడు, నాలుగు స్థానాలు పంచుకున్నారు. గుంటూరు బంటు గారూ, మీ ఊరి పెంటేల హరికృష్ణ కూడా ఆ ఏడాది అదే ఎ-గ్రూపులో ఆడారు. 2012లో బి-గ్రూపు గెలిచి ఆ చోటు సంపాదించుకున్నారు. పాపకి చెప్పండి.

అరవైనాలుగు గళ్ళు · సోమవారం రాత్రి 8:30

తెల్లపావులు గారూ, మీరు చెప్పిన సంగతి నిజం, నేను కాదనను. తయారీ ఉంది. కానీ ఆ తయారీ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి కదండీ.

1907లో పోలండ్‌లోని వూచ్ నగరంలో రోట్లెవీ మీద అకిబా రుబిన్‌స్టైన్ నల్లపావులతో ఒక ఆట ఆడాడు. ఆ ఆట తెరిచి పక్కన పెట్టుకోండి. అక్కడా బి5 బంటు, బి7లో బిషప్, ఇంకో బిషప్ బి6 నుంచి జి1 మీదికి గురి. ఏనుగు సి8లో. తెల్ల ఎఫ్4 ఆడి రాజు ముందు గీత తనే తెరిచింది. గుర్రం జి4లో దిగింది. ఆ తర్వాత రుబిన్‌స్టైన్ తన మంత్రిని పోనిచ్చి, ఏనుగుని డి2లో పెట్టి, 25వ ఎత్తుకి ఇంకో ఏనుగుని హెచ్3లో దించి ముగించాడు. కంప్యూటర్ లేదు, బృందం లేదు. వైక్‌లో గెలిచాక ఆనంద్ స్వయంగా ఆ ఆటనే తలుచుకున్నాడు.

నాకు ఇంకా ముచ్చట కలిగించే సంగతి వేరే ఉంది. మెరాన్ అన్న పేరు ఇటలీ ఉత్తరాన కొండల మధ్య ఉన్న మెరానో పట్టణం నుంచి వచ్చింది. 1924లో అక్కడి టోర్నమెంట్‌లో గ్రున్‌ఫెల్డ్ మీద నల్లపావులతో ఈ పద్ధతి ఆడి దానికి పేరు తెచ్చింది ఎవరనుకుంటున్నారు? రుబిన్‌స్టైనే. ఓపెనింగూ ఆయనదే, ఆ రెండు బిషప్‌ల దాడికి నమూనా కూడా ఆయనదే. వందేళ్ళ కిందటి ఆ మనిషి చెయ్యి ఈ 23 ఎత్తుల్లో రెండు చోట్ల కనబడుతుంది. ఆ నమూనా ఆనంద్ మనసులో ఉండబట్టే బిషప్ సి5 మీద నమ్మకం కుదిరింది. కంప్యూటర్ వంద ఎత్తులు చూపిస్తుంది. వాటిలో దేన్ని ఒడిసిపట్టుకోవాలో అన్నది ఆటగాడి చదువు.

ఇంకొకటి. మెరాన్ ఆనంద్‌కి సొంత ఇల్లు లాంటిది. 2008 అక్టోబరులో బాన్‌లో క్రామ్నిక్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడినప్పుడు మూడో ఆట, అయిదో ఆట నల్లపావులతో గెలిచాడు. రెండుసార్లూ మెరానే. ఇన్నేళ్ళు కాపురం చేసిన ఇంట్లో చీకట్లో కూడా స్తంభం తగలకుండా నడుస్తారు.

తెల్లపావులు · సోమవారం రాత్రి 9:12

రుబిన్‌స్టైన్ ఆట ఇప్పుడే పక్కపక్కన పెట్టి చూశా. పోలిక నేను అనుకున్నదానికంటే దగ్గరగా ఉంది, ఒప్పుకుంటున్నా. 1907 ఆటకి నేను మనసారా చప్పట్లు కొడతా. 2013 ఆటకి ఇప్పటికీ అంత కొట్టలేను. బోర్డు ముందు భయపడుతూ, తప్పేమో అనుకుంటూ ఎత్తు వేసినవాడి ధైర్యం వేరు. అది నా అభిప్రాయం, అలాగే ఉండనివ్వండి.

ఏడో వరుస ఏనుగు · సోమవారం రాత్రి 9:50

ఎవరూ పంతొమ్మిదో ఎత్తు గురించి మాట్లాడలేదు. నాకు ఆట మొత్తంలో అదే ఇష్టం. ఏనుగు పోయింది, ఎఫ్8లో తెల్లగుర్రం కూర్చుంది. మనలాంటివాళ్ళమైతే మంత్రిని హెచ్4కి విసిరేసి మాటు చూసుకుంటాం. అక్కడే దెబ్బ తింటాం. ఎందుకంటే సి2 మంత్రి హెచ్7కి వచ్చి చెక్ చెబుతుంది. మంత్రితో తీస్తే గుర్రం తీస్తుంది, మంత్రులు మారిపోతాయి, దాడి చల్లారిపోతుంది. రాజుతో ఎఫ్8 తీస్తే హెచ్4 మంత్రే పోతుంది.

అందుకని ఆనంద్ ఎఫ్5 అన్నాడు. ఒక చిన్న బంటు. సి2–హెచ్7 గీత మూసేసింది, జి4 గుర్రానికి కూడా ఆసరా ఇచ్చింది. ఏనుగు తక్కువలో ఉండి కూడా తొందరపడలేదు. ఎఫ్8 గుర్రం ఎక్కడికీ పోలేదని ఆయనకి తెలుసు. రెండు ఎత్తుల తర్వాత అది జి6లో దొరికిపోయింది.

అక్కడ కూడా ఒక ఉచ్చు ఉంది. ఇరవై రెండో ఎత్తులో హెచ్3 బంటుతో జి4 గుర్రాన్ని తీసుకోవచ్చు కదా అనిపిస్తుంది. తీస్తే మంత్రి హెచ్6, అక్కడికక్కడే మాటు. హెచ్-వరుస తెరుచుకుంది, జి1 గడి మీద డి4 బిషప్ కన్ను, మధ్యలో అడ్డం పెట్టడానికి ఒక్క పావు లేదు. హెచ్6ని చూడాల్సిన సి1 బిషప్‌కి సొంత ఎఫ్4 బంటే అడ్డం. పద్నాలుగో ఎత్తులో రాజుని కాపాడటానికి నెట్టిన బంటు అది!

శకటు · సోమవారం రాత్రి 10:15

ఆఖరి ఎత్తు నేను చెప్పనా? రాత్రంతా దానిమీదే ఉన్నా. బిషప్ ఇ3 ఆడగానే డి3 మంత్రికీ హెచ్3 బంటుకీ మధ్య గోడ కట్టినట్టయింది. ఇప్పుడు మంత్రి×హెచ్3 మాటు బెదిరింపు. జి2 బంటు తీయలేదు, బి7 బిషప్ పిన్ చేసింది. హెచ్3 బంటు జి4 గుర్రాన్ని తీయలేదు, హెచ్5 మంత్రి పిన్ చేసింది. సి1 బిషప్‌తో ఇ3 తీసినా తెల్లమంత్రికి మళ్ళీ అడ్డమే. మంత్రితో తీస్తే గుర్రం మంత్రిని తీసేస్తుంది. సరేనా?

కోనసీమ గుర్రం · సోమవారం రాత్రి 10:22

సరే తమ్ముడూ, అక్షరం తప్పు లేదు. ఇంకోటి గమనించు. ఆ చివరి స్థితిలో లెక్క కడితే నల్లకి ఎక్స్‌ఛేంజ్ తక్కువ, అంటే తెల్ల ఏనుగుకి బదులు నల్ల దగ్గర ఉన్నది బిషప్. తెల్లవైపు రెండు ఏనుగులున్నాయి, ఎ1 ఏనుగు ఆట మొదలైనప్పటి నుంచి కదలనే లేదు. సి1 బిషప్ కూడా కదలలేదు.

గుంటూరు బంటు · బుధవారం సాయంత్రం 6:45

రెండు రోజులు డ్యూటీ వల్ల రాలేకపోయా, క్షమించండి. మీరు రాసినవన్నీ ఇద్దరం కూర్చుని చదివాం. మొదట స్కోరు షీటు బయటికి తీయనంది. అరవైనాలుగు గళ్ళు గారి అప్పు, వడ్డీ మాట చదివి వినిపించాక తనే జామెట్రీ బాక్సు తెరిచింది. పన్నెండో ఎత్తు దగ్గర పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి, పక్కన "ఎ5" అని రాసుకుంది.

తెల్లపావులు గారూ, మీ మాటకి అది ఒక జవాబు చెప్పమంది, తన మాటల్లోనే రాస్తున్నా: "నేను బట్టీపట్టింది నిజమే. కానీ ఆ ఆట అంత బాగుండకపోతే అసలు బట్టీపట్టేదాన్నే కాదు."

తెల్లపావులు · బుధవారం సాయంత్రం 7:05

పాప నన్ను ఓడించిందమ్మా. దీనికి నా దగ్గర జవాబు లేదు. తనకి నా ఆశీస్సులు చెప్పండి.

అరవైనాలుగు గళ్ళు · బుధవారం రాత్రి 8:00

అమ్మా, చేయాల్సింది ఇదీ. ఆనంద్ ఆట గోడకి అంటించుకోనివ్వండి, ఫరవాలేదు. కానీ వారం రోజులు పన్నెండో ఎత్తు నుంచే ఆడించండి. తెల్ల బి4 ఆడిన స్థితి పేర్చి, నల్ల ఎ5తో మొదలుపెట్టి పది ఆటలు. అయిదింటిలో పాప నల్ల, అయిదింటిలో తెల్ల. తెల్లవైపు కూర్చుంటేనే సి5 అంటే ఎదుటివాడికి ఎంత టెన్షన్ అన్నది తెలుస్తుంది. ఆ తర్వాత తెల్ల ఇ4 నెట్టే స్థితి. అక్కడ ఇ5 బెదిరింపు ఉంటుంది కాబట్టి మనమే ముందు ఇ5 ఆడి ఆపాలి. జి5 గుర్రం ఆఖర్న. అది టోర్నమెంట్లలో ఎప్పుడో గానీ రాదు.

గుంటూరు బంటు · బుధవారం రాత్రి 8:25

బోర్డు పేర్చేసిందండీ. తెల్లపావులు నా వైపు తిప్పింది. బి4 నెట్టాను, ఎ5 ఆడి నా ముఖంలోకి చూస్తోంది. ఇప్పుడు నేనేం ఆడాలి?

అరవైనాలుగు గళ్ళు · బుధవారం రాత్రి 8:27

ఏనుగు బి1 ఆడండి.